రంగయ్యశెట్టి అంగట్లో తిరగనన్న చక్రం

ఏం చూసినావో చెప్పు! ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో, రంగయ్యశెట్టి అంగడి అద్దం వెనకాల... నీ కండ్లతో నువ్వు ఏం చూసినావు?

శెట్టి గల్లాపెట్టె ముందరే కన్ను మూసినాడు. అప్పటినుంచి శెట్టి దెయ్యమైనాడని, చీకటి పడితే ఆ అంగడి అరుగు దరిదాపులకు ఎవరూ పోరు. పగలు మాత్రం దానిమీదే కూర్చొని బీడీలు కాలుస్తారు. పాపం, ఆ దెయ్యానికీ డ్యూటీ వేళలున్నాయి కాబోలు!

శెట్టి భార్య పార్వతమ్మకు ఆ అంగడే బతుకు. అద్దం వెనకాల నగలు తిప్పి చూపించే చక్రం పెడితే జనం భయం మరిచి వస్తారని ఆమె ఆశ. రేడియోలు బాగుచేసే ఖలందర్ మద్రాసు పాతసామాన్ల బజారు నుంచి ఒక మోటారు తెచ్చినాడు. గిర్రున తిరిగే రకం కాదది. నాలుగు తీగలకు వరసగా కరెంటు అందిస్తే ఒక్కో అడుగు వేసి ఆగుతుంది. ఆగినచోట బిగబట్టుకుంటుంది. వరస తప్పకుండా తీగకొక రంగు దారం కట్టినాడు.

చక్రం తిరగకపోతే అంగడి తాళాలు మరిది ఓబయ్యకు ఇచ్చేయాలి. అదీ ఒప్పందం.

ఆ రాత్రి లాంతరు వెలుగులో ఖలందర్ బ్యాటరీ తగిలించినాడు. అద్దం అవతల జనం మూగినారు. దెయ్యమంటే భయమే, తమాషా అంటే అంతకన్నా ప్రాణం!

తీగలకు వరసగా కరెంటు అందించే స్విచ్చిని తిప్పుతా పోయినాడు. చక్రం తిరగలేదు... వణికింది. ముందుకింత, వెనక్కింత— లోపలినుంచి గుర్రుమని మూలుగు...

ఖలందర్ చెయ్యి స్విచ్చి మీదే ఆగిపోయింది.

ఓబయ్య చక్రాన్ని తోసినాడు. కదల్లేదు.

"మా అన్నే... పట్టుకున్నాడు వదినా," గుసగుసగా అన్నాడు. "తాళాలు ఇట్లియ్యి."

పార్వతమ్మ చెయ్యి తాళాలున్న కొంగుముడి మీదికి పోయింది.

ఖలందర్ పారిపోదామని బ్యాటరీ తీగ పీకినాడు. చెయ్యి తగిలి చక్రం సులువుగా తిరిగింది!

"ఏంది ఓబయ్యా, మీ అన్న బ్యాటరీ పెడితేనే పట్టుకుంటాండాడే!"

లాంతరు దించి చూసినాడు. రెండు తీగలకు పసుపు దారాలే. తొందరలో ఏది ముందో చూడకనే తగిలించినాడు.

"అమ్మా, నా నల్లదారం, తెల్లదారం యాడ?"

"బంగారు అంగట్లో ఆ అశుభం రంగులేందప్పా? పూజ చేసి, అవి తీసి పసుపు దారం కట్టినా."

"శానా పుణ్యం చేసినావు తల్లీ!"

ఆ రెండు తీగలు ఒకదాని చోట ఒకటి మార్చి, మళ్లీ బ్యాటరీ తగిలించి స్విచ్చి తిప్పినాడు. చక్రం అడుగు వేసింది... ఆగింది... ఇంకో అడుగు.

పార్వతమ్మ కొంగుముడి ఇంకా బిగించింది.

నువ్వు అద్దం అవతలే ఉంటివి. చచ్చినోడు చక్రం పట్టుకున్నాడని ఊరంతా చెప్పినావే— బతికినోడు తాళాలకు చెయ్యి చాచింది నీ కంటికి కనపళ్లేదా?