ఏ కొత్తపేటండీ మీది?

పాత ఊరి పక్కన నాలుగిళ్ళు లేస్తే చాలు, కొత్తపేట అని పేరు పెట్టేసి చేతులు దులుపుకున్నారు మన పెద్దలు. గుంటూరులో ఒకటి, బెజవాడలో ఒకటి, హైదరాబాదులో ఒకటి, రావులపాలెం దాటి కోనసీమలోకి వస్తే ఒకటి. ఎలీసమ్మ టీచరుది ఈ చివరిది. కొరియర్లు ఊరు తప్పినప్పుడల్లా ఆమె నవ్వుకునేది.

తమ్ముడు సాలమోను ఎక్కిన బస్సు హైదరాబాదు శివార్లలో లారీని గుద్దింది. అప్పటికి అక్కాతమ్ముళ్ళకు మాటల్లేక ఎనిమిదేళ్ళు. తను తెచ్చిన సంబంధం కాదని, నచ్చిన పిల్లను చేసుకున్నాడని ఎలీసమ్మకు కోపం. "నీ మొహం నాకు చూపించకు" అనేసింది. ఆ పిల్ల రెండేళ్ళకే వదిలేసి పోయింది. అయినా ఈవిడ పిలవలేదు, అతను రాలేదు.

ఆసుపత్రి నుంచి శవపెట్టె వచ్చింది. మూత మీది కాగితంలో కొత్తపేట అని ఒక్క ముక్క. సమాధి చేసే ముందు మూత తీసి అందరికీ చివరిచూపు చూపించడం వాళ్ళ సంఘంలో అలవాటు. పాస్టరుగారు అడిగితే ఎలీసమ్మ వద్దంది. అన్న మాట అన్నట్టే ఉండాలట! చనిపోయినవాడి మీద కూడా పంతమే. అమ్మ పక్కనే పాతిపెట్టారు.

ఐదో రోజు సాయంత్రం వాన అప్పుడే వెలిసింది. కొబ్బరాకుల మీంచి చుక్కలు జారుతున్నాయి. ఎక్కణ్ణుంచో ఆసుపత్రి మందుల వాసన, దాని వెనకే తడిమట్టి వాసన. ఎలీసమ్మ అరుగు మీదికి వచ్చి చూస్తే గేటు అవతల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మొహమంతా తెల్లటి కట్టు.

"ఇది కొత్తపేటేనా అండి?" గొంతు గుడ్డలోంచి వచ్చింది.

"ఆయ్. ఎవరింటికండీ?"

"మా ఇంటికేనండి. మా వీధి కనిపించట్లేదు. నా భార్య సూర్యకాంతం ఎదురుచూస్తూంటుంది."

"ఏ కొత్తపేటండీ మీది?"

"బెజవాడదండి. పెట్టె మీద ఊరి పేరొక్కటే రాశారు..."

ఎలీసమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత అతని పాదాలు చూసింది. రెండు కాళ్ళ బొటనవేళ్ళు కలిపి గుడ్డపీలికతో కట్టి ఉన్నాయి.

లోపల ఫోను మోగింది. ఆమె అతని మీంచి చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడిచి తీసింది.

ఎవరో ఆడమనిషి, గుసగుసగా మాట్లాడుతోంది. పేరు సూర్యకాంతమట, బెజవాడ కొత్తపేటట. ఆసుపత్రి వాళ్ళ దగ్గర నంబరు తీసుకుందట. ఆ రోజు రెండు పెట్టెలు రెండు కొత్తపేటలకు బయల్దేరాయట. మొహం నుజ్జయిపోయిందని ఆసుపత్రిలో చెబితే సూర్యకాంతం వాళ్ళు కట్టు విప్పకుండానే దహనం చేసేశారు. మర్నాటి నుంచి ప్రతి సాయంత్రం ఒకాయన వాళ్ళ వాకిట్లో గోడవైపు తిరిగి నిలబడుతున్నాడు.

"ఇటు తిరగండి అంటే తిరగరండి. అక్క మొహం చూపించొద్దంది అంటారు. ఇప్పుడూ ఉన్నారు..."

ఎలీసమ్మ చూపు గేటు మీంచి నేల మీదికి జారింది. ఎవరి ఊళ్ళోనో, ఎవరి చేతుల మీదుగానో తమ్ముడు బూడిదైపోయాడు. ఆ రోజు మూత తీయనిచ్చి ఉంటే చేతులు చూసైనా పోల్చుకునేది. ఒక్క ఫోను చేసి అక్కడి దహనం ఆపేది. ఆసుపత్రిని తిట్టడానికి కూడా ఆమెకు నోరు రాలేదు.

"ఫోను ఆయన దగ్గర పెట్టండి" అంది.

అడుగుల చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఊపిరి కూడా లేదు.

"తమ్ముడూ... నేనురా. తప్పు నాదేరా. ఒక్కసారి... నీ మొహం చూపించరా."

ఫోనులో మళ్ళీ సూర్యకాంతం గొంతు వినిపించింది. "ఇక్కడ ఎవరూ లేరండి. వెళ్ళిపోయారు."

ఎలీసమ్మ తలెత్తింది. గేటు మూసే ఉంది. ఆ మనిషి మాత్రం గుమ్మంలో ఉన్నాడు. తలవంచుకుని, బుద్ధిగా, మొహం మీది కట్టు విప్పుకుంటున్నాడు.

"మిమ్మల్ని కాదండీ..." అంది. "మిమ్మల్ని కాదు..."

చేతులు ఆగలేదు. చుట్టు తర్వాత చుట్టు నేల మీద పడుతోంది. గుడ్డ కుప్ప అతని మోకాళ్ళ దాకా వచ్చింది... నడుం దాకా వచ్చింది...

ఇంకా మొహం రాలేదు.