ఎడమకి లాగే కారు

గురువారం సాయంత్రం అయిదూ ఇరవైకి సుందర్ రాజు గరాజ్‌లో దొంగతనం బయటపడింది. పోయినవి మూడు ఇనుప ముక్కలు. ఒక్కొక్కటి చిటికెన వేలంత.

శుక్రవారం ఉదయం తొమ్మిదికి జోసఫిన్ ఆ గరాజ్‌లో నిలబడి ఉంది. ఇరవై రెండేళ్లు డిటెక్టివ్‌గా చేసి రిటైరైన మనిషి. న్యూజీలాండ్‌లోని ఈ టౌరంగాలో సుందర్ రాజు వాళ్ల చర్చికే వస్తుంది.

"తాళం పగల్లేదు. కారుంది. రిమోట్ ఉంది. దొంగతనమని ఎలా తెలిసింది, తమ్ముడూ?"

"తిన్నగా పోయిందక్కా."

"ఏది?"

"కారు. మావాడి కారు ఎడమకి లాగుతుంది. రోజూ పని నుంచి రాగానే డ్రైవ్‌వేలో నడుపుతాను. నిన్న గీత గీసినట్టు పోయింది. చక్రాలు విప్పి చూశాను. నాలుగూ కొత్త యాక్సిల్సే. వాడు చేసిన మూడూ లేవు."

ఆ రిమోట్ బొమ్మ కారు సుందర్ రాజు కొడుకు ఈతన్‌ది. పెద్ద ట్రక్కు బొమ్మలో అరిగిపోయిన డ్రైవ్ షాఫ్టులను పారేయకుండా, చివర్లు కోసి, ఆకురాయితో అరగదీసి, ఈ కారుకి యాక్సిల్స్, అంటే చక్రాల ఇరుసులు, చేశాడు. కీమోకీ కీమోకీ మధ్య చేశాడు. మూడు పూర్తయ్యాయి. ముందు కుడి చక్రానికి మాత్రం పాత యాక్సిలే మిగిలింది. అది పొట్టిది. అందుకే ఆ లాగుడు. నాలుగో షాఫ్టు ఏడాదిగా బెంచీ మీద వైస్ అనే ఇనుప బిగింపులోనే ఉంది.

ఈతన్ పోయి రేపటికి ఏడాది. సాయంత్రం ఆరింటికి జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక.

"అవి లేకుండా నేను కూడికలో కూచోలేనక్కా. వాటి మీద వాడి ఆకురాయి గీతలున్నాయి." సుందర్ రాజు గరాజ్ తలుపు వైపు చూశాడు. "చెత్తలో వేసేశారేమో. బిన్ తెల్లవారుజామునే పట్టుకుపోయారు."

"ఎవరి మీద అనుమానం?"

"లాజరస్. మెకానిక్ గదా."

సుందర్ రాజు భార్య జ్ఞానమణి తమ్ముడు లాజరస్ పదిన్నరకి వచ్చాడు.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?" అడిగింది జోసఫిన్.

"వర్క్‌షాప్‌లో. అయిదున్నర దాకా."

"ఈ గరాజ్ తాళంచెవి?"

"నా దగ్గరుంది. అక్క దగ్గరా ఉంది. అయితే నేను దొంగనా, బావా? కట్టేయి మరి, ఆ వైస్‌లో బిగించు!"

"రేపు నా గుమ్మం తొక్కకు," అన్నాడు సుందర్ రాజు.

జోసఫిన్ ఇద్దరినీ పట్టించుకోలేదు. గోడకి వేలాడుతున్న పనిముట్లు చూస్తోంది. అన్నిటి మీదా నూనె జిడ్డు, దాని మీద దుమ్ము. ఒక్క చిన్న స్పానర్ మాత్రం మెరుస్తోంది. తీసి వాసన చూసింది.

"లాజరస్, పనయ్యాక స్పానర్ దేంతో తుడుస్తావు?"

"ప్యాంటుతో."

అప్పుడే జ్ఞానమణి టీ పట్టుకొచ్చింది. ఆమె వృద్ధుల్ని చూసుకునే రెస్ట్ హోమ్‌లో కేర్ వర్కర్.

"మణీ, నిన్న డ్యూటీ ఎన్నింటికి దిగావు?"

"రెండింటికక్కా."

"దీనికి స్పిరిట్ వాసన వస్తోంది. వాడిన పనిముట్టుని స్పిరిట్ దూదితో తుడిచి పెట్టే అలవాటు ఈ ఇంట్లో నీ ఒక్కదానికే. ఇంకో సంగతి. ముక్కల కోసమే వచ్చిన దొంగ, వైస్‌లోదాన్ని ఎందుకు వదులుతాడు? దాన్ని కదపడానికి చేతులు రాని మనిషైతే తప్ప."

జ్ఞానమణి ట్రే కింద పెట్టింది. స్వెటర్ జేబులోంచి వారానికి సరిపడే మాత్రల డబ్బా తీసింది. సోమ, మంగళ, బుధ. మూడు గళ్లలో దూదిలో చుట్టిన మూడు యాక్సిల్స్.

"నువ్వా? నీకు విప్పడం ఎలా వచ్చు?" సుందర్ రాజు అడిగాడు.

"వాడి చేతులు వణికినప్పుడు పట్టుకున్నది నేనేగా." ఆమె డబ్బా వదల్లేదు. "మీరు నడిపిన ప్రతిసారీ ఆ గీతలు అరిగిపోతున్నాయండీ. ఒకదాని మీద సగం లేవు. కొత్తవి వేస్తే మీ కారు మీకుంటుంది, ఇవీ ఉంటాయనుకున్నా."

"చెప్పొచ్చుగా."

"చెబితే నడపడం మానేస్తారు. రోజు మొత్తంలో మీరు మనిషిలా ఉండేది ఆ పది నిమిషాలే."

సుందర్ రాజు చెయ్యి చాచి డబ్బా తీసుకున్నాడు. మూతలు ఒక్కొక్కటే మూసి, డబ్బాని తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

లాజరస్ గొంతు సవరించుకున్నాడు. "బావా, రేపు కుర్చీలు నేనే తేవాలి. గుమ్మం తొక్కనా, వద్దా?"

"తొక్కు."

శనివారం ఆరింటికి బల్ల మీద ఫోటో పక్కన కారు పెట్టారు. దాని పక్కన మాత్రల డబ్బా.

నాలుగో షాఫ్టు గరాజ్‌లో వైస్‌లోనే ఉంది. సగమే అరగదీసి ఉంది.