తల కదపకుండా మాట్లాడండి

రెండు వేల డెబ్బై తొమ్మిదిలో విశాఖపట్నంలో బట్టతల కనబడటమంటే మాటలు కాదు. బస్సులో, బీచిలో, ఆఖరికి ఆసుపత్రి మంచాల మీద కూడా అన్నీ నల్లగా నిగనిగలాడే తలలే. అలాంటి ఊళ్లో పైడిరాజు ఎండైనా వానైనా టోపీ తీసేవాడు కాదు. నలభై ఎనిమిదేళ్లవాడు. పోర్టులో అతను చేసే పనిని యంత్రాలు లాక్కున్నాయి. ముప్పై ఒకటో అంతస్తులో ఒక్కడే ఉంటాడు. ఆ గదిలో ఇంకో మనిషి గొంతు వినబడి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తు లేదు.

ఉద్యోగమంటే అతనికి జీతం ఒక్కటే కాదు. పక్క సీటు ఉంటుంది, క్యాంటీన్ ఉంటుంది, "ఏటి రాజుగారూ, టీ తాగేరా?" అనేవాళ్లుంటారు. కానీ ఇంటర్వ్యూకి వెళ్లిన ప్రతిచోటా కాదనే అన్నారు. "ఇంకేటుంది, ఈ బట్టతలే నా కొంప ముంచింది" అని తేల్చేసుకుని, డాక్టర్ గౌరీశ్వరి క్లినిక్‌కి వెళ్లాడు.

బట్టతల మీద మళ్లీ జుట్టు మొలిపించే 'కేశబీజం' వైద్యం ఆవిడ కనిపెట్టిందే. చెవి వెనక నుంచి ఒక్క జీవకణం తీసి, గాజు పళ్లెంలో వేల కుదుళ్లుగా పెంచుతారు. వాటిని 'అంకుర' అనే రోబో సన్నటి సూదులతో ఒక్కొక్కటే తలలో నాటుతుంది. మనిషి మాట్లాడుతుంటే నెత్తి చర్మం ఎటు సాగుతుందో తెలియాలి, అప్పుడే కుదురు సరైన వాలులో పడుతుంది. అందుకే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పేషెంటు చేత మాట్లాడించాలి. ఆవిడ అంకురకి ప్రశ్నలడగడం కూడా నేర్పింది.

"తల కదపకుండా మాట్లాడండి" అంది అంకుర. "ఈవేళ ఏం తిన్నారు?"

"ఏదో తిన్నాన్లే" అన్నాడు పైడిరాజు.

"ఏదో అంటే?"

చద్దన్నంతో మొదలైంది. చిన్నప్పుడు వలలో పడ్డ తాబేలు, పోర్టులో తుఫాను రాత్రి, పెళ్లి దాకా వచ్చి తప్పిపోయిన సంబంధం... సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. కళ్లు ఎందుకు తడిశాయని అంకుర అడగలేదు, తుడిచి ఊరుకుంది.

జుట్టు వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది! లడ్డూలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అంతా మీ జుట్టు చలవే మేడం!"

గౌరీశ్వరి నవ్వలేదు. "ఉద్యోగాలకు ఎంపిక చేసే యంత్రానికి కళ్లుండవు పైడిరాజుగారూ. మొహం చూడకూడదని చట్టం ఉంది. అది గొంతే వింటుంది."

"మరి నాకెలా వచ్చింది?"

"ఒక రోజంతా మాట్లాడారు. మూసుకుపోయిన గొంతు తెరుచుకుంది. అంతే."

"అయితే ఈ సూదులెందుకు? ఊరికే మాట్లాడించొచ్చుగా?"

"అదీ చేసి చూశాను. బోర్డు మీద 'మాట్లాడుకోడానికి' అని రాశాను. ఒక్కరొస్తే ఒట్టు. బట్టతలని ఒప్పుకుంటారు గానీ ఒంటరినని ఎవరొప్పుకుంటారండీ?"

పైడిరాజు లడ్డూల డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు ఉద్యోగంలో చేరాడు. సముద్రపు ఒడ్డున ఎత్తైన కంట్రోల్ టవర్, నిండా తెరలు. సీటు మాత్రం ఒక్కటే. క్యాంటీన్ లేదు, గోడలోంచి టిఫిన్ వస్తుంది.

వానలు మొదలయ్యాక మళ్లీ క్లినిక్‌కి వచ్చాడు. నెత్తిన గుండు.

"సింహాచలం మొక్కు తీర్చుకున్నాను" అన్నాడు అంకురతో. "మళ్లీ నాటాలి."

అంకుర వేళ్లు తలంతా తడిమాయి. "కుదుళ్లన్నీ పదిలంగా ఉన్నాయి. జుట్టు దానంతటదే వచ్చేస్తుంది. నాకిక్కడ పనేం లేదు."

ఆ వేళ్లు మెడ దగ్గర ఆగాయి. అక్కడ నాలుగైదు గాట్లున్నాయి, చెవి వెనక ఒక కుచ్చు అలాగే మిగిలిపోయింది. కొండ మీద గుండు చేసే చేతులు అలా వదలవు. అద్దం ముందు ఒక్కడే నిలబడి, చెయ్యి అందక తిప్పలు పడ్డ మనిషి పని అది.

"అయినా ఒకసారి చూడరాదూ?" పైడిరాజు నేల చూపులు చూశాడు. "ఎంతసేపైనా పర్లేదు."

అంకుర సూదులన్నీ ఆపేసింది. కుర్చీ వెనక్కి వాల్చింది.

"పడుకోండి. తల కదపకుండా మాట్లాడండి. ఈవేళ ఏం తిన్నారు?"

తలుపు అవతల బెంచీ మీద మరో అరడజను మంది కూర్చున్నారు. అందరివీ కొత్త గుండ్లే, అందరిదీ సింహాచలం మొక్కే. భుజాలు రాసుకునేంత దగ్గరగా కూర్చుని, ఒకరితో ఒకరు ఒక్క మాటైనా మాట్లాడకుండా, తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు.