ఈ "నేను" ఎవరు మేడమ్?

"ఒరేయ్ పెంచలా! పులుసులో ఉప్పు మూట దిమ్మరించినావా ఏందిరా? నోట్లో పెట్టుకుంటే ఒట్టు!"

తిట్టింది అమ్మా కాదు, అత్తా కాదు. అప్పుడే మైపాడు బస్సు దిగి, గడప బయట చెప్పులు విడిచి, లోపలికొచ్చి కూర్చున్న కొత్త పిల్ల. పేరు ఫేబీ అని చెప్పి ఇంకా నోరు కూడా ఆరలేదు.

పెంచల్‌కి ఒళ్ళు మండిపోయింది. సముద్రం మీద పడవ నడిపే మనిషిని పట్టుకుని ఒరేయ్ అంటుందా!

"ఏం మేడమ్, నా పులుసు మీరెప్పుడు తిన్నారు?"

"నేను తినలేదండీ. తిన్నది మీ అక్క. తిడుతున్నదీ ఆమే. నేను పలుకుతున్నానంతే."

అప్పుడు చూశాడు పెంచల్. మంచం మీద కూర్చున్న అక్క మహాలక్ష్మి చేతులు గబగబా ఆడుతున్నాయి. ఫేబీ ఆ చేతులకేసే చూస్తోంది.

మహాలక్ష్మికి పుట్టుకతోనే చెవుడు. చిన్నప్పుడు బడిలో సైగల భాష నేర్చుకుంది. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. ఆ భాష అతను నేర్చుకోలేదు, అతని పెదాలు చూసి ఆమే అర్థం చేసుకునేది. తర్వాత కంటిచూపు కూడా మెల్లమెల్లగా మసకేసి, చివరికి పూర్తిగా పోయింది. అప్పట్నుంచీ ఇంట్లో మాటలంటే భుజం తట్టడం, కంచం చేతికందించడం, అంతే. పగలంతా చేత్తో తడుముకుంటూ వల అల్లుతూ కూర్చునేది. నెల్లూరులో ఇలాంటి వాళ్ళకోసం పనిచేసే ఒక సంస్థ సంగతి తెలిసి, పెంచల్ పోయి బతిమాలితే, ఆమె సైగల్ని నోటితో పలికి, మన మాటల్ని ఆమె చేతులకింద సైగలుగా చెప్పడానికి మంగళ, శుక్రవారాలు ఫేబీని పంపుతామన్నారు.

"మా పనిలో రూలండీ," అంది ఫేబీ. "ఆమె 'నేను' అంటే నేనూ 'నేను' అనాలి. ఆమె ఒరేయ్ అంటే నేనూ ఒరేయ్ అనాల్సిందే."

"బలే రూలబ్బా! తిట్లక్కూడా రూలా!"

అక్క చేతులు మళ్ళీ ఆడాయి. "నాకు ఆకలేస్తా ఉందిరా, అన్నం పెట్టు," అంది ఫేబీ.

ఎంత కోపమున్నా, ఇంటికొచ్చిన మనిషి ఆకలంటే ఊరుకుంటాడా? కంచం నిండా అన్నం, రెండు వంజరం చేప ముక్కలు వేసి తెచ్చి ఫేబీ ముందు పెట్టాడు.

ఫేబీ నవ్వాపుకోలేకపోయింది. "ఆకలి నాది కాదండీ, మీ అక్కది!"

పెంచల్ మొహం జేవురించింది. అది చూసి జాలేసిందేమో, వేలితో కాస్త పులుసు నాలుక మీద వేసుకుని, "ఉప్పు నిజంగానే ఎక్కువండీ," అంది.

"ఇది అక్క మాటా, మీ మాటా?"

"ఇది నా మాటే!"

ఆ రోజునుంచీ అదొక ఆట అయిపోయింది. ఫేబీ నోరు తెరిస్తే చాలు, "ఈ 'నేను' ఎవరు మేడమ్?" అనేవాడు. ఆమె కళ్ళెర్రజేసేది. ఆ కళ్ళు చూడ్డానికే మంగళవారం వేట ముగించుకుని తొందరగా ఒడ్డుకొచ్చేవాడని ఊళ్ళో అందరికీ తెలుసు, అతనికి తప్ప.

ఒక శుక్రవారం ముగ్గురూ సముద్రం దగ్గరికి పోయారు. ఉన్నట్టుండి వాన. పరుగెత్తి తాటాకు కొట్టం కిందికి చేరారు. ఫేబీ పనిలో ఇంకో రూలుంది. చుట్టూ ఏం జరుగుతున్నా అక్కకు చెప్పాలి, దాచకూడదు. అక్క వీపు మీద వేళ్ళతో టపటపా వాన కురిపించింది, అరచేత్తో అల తెచ్చింది. అక్క పసిపిల్లలా నవ్వింది. అంతలో సైగ చేసింది, "మావాడేం చేస్తున్నాడు?"

ఫేబీ తల తిప్పింది. పెంచల్ రెప్పెయ్యకుండా తననే చూస్తున్నాడు. ముక్కు మీంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవాలని కూడా లేదు మహానుభావుడికి.

ఫేబీ చెయ్యి ఆగింది. తర్వాత అక్క చేతులకింద ఏదో చెప్పింది.

అక్కని ఇంట్లో దించి బస్టాప్ దాకా వచ్చిన పెంచల్‌తో, "నేనింక రాను పెంచల్ గారూ. వేరే ఆమెని పంపమని చెప్తా," అంది.

"ఏమైంది మేడమ్?"

"మీరేం చేస్తున్నారని అక్క అడిగింది. మీరు నన్ను చూస్తున్నారు. పడవని చూస్తున్నారని చెప్పినా."

"దానికింత రాద్ధాంతమా?"

"మీకది చిన్నదే. ఆమెకి నా చేతులేది చెబితే అదే లోకం. నాకు సిగ్గేసి ఆ లోకాన్నే మార్చేసినా. రేపు డాక్టరు దగ్గర ఆమె నన్నెట్టా నమ్మాల?"

"మీకెందుకు సిగ్గేసింది?"

బస్సొచ్చింది. ఫేబీ ఎక్కేసింది.

మంగళవారం అక్క గడపలో కూర్చుని, మణికట్టు మీద రెండుసార్లు తట్టుకుంది. ఫేబీ పెట్టుకునే లావాటి వాచీని తడిమి చూసి ఆమెకు అక్క పెట్టిన పేరది. ఫేబీ యాడ? పెంచల్ భుజం తట్టాడు. అక్క మళ్ళీ మణికట్టు తట్టుకుంది. ఎందుకు రాలేదో చెప్పడానికి అతని దగ్గర ఒక్క మాట లేదు. పెంచిన అక్కతో మాట్లాడ్డానికి ఇన్నాళ్ళూ పరాయిపిల్ల చేతులమీద ఆధారపడ్డానే అని అతనికి ఏడుపొచ్చింది.

తుఫాను హెచ్చరికలతో పడవలు ఒడ్డునే ఉన్నాయి. పెంచల్ అక్క ముందు చతికిలబడి, తన మోటు చేతుల్ని ఆమె అరచేతుల కింద పెట్టాడు. అక్క అతని చెవి పట్టుకుని మెలిపెట్టింది. అదే అతని పేరు, చిన్నప్పట్నుంచీ. కన్నీళ్ళు తుడుచుకుని పాఠం మొదలుపెట్టింది. అన్నం. నీళ్ళు. వల. కోపం. ఇష్టం.

వారం రోజుల పాఠాల తర్వాత, వాన వెలిశాక ఫేబీకి ఫోన్ చేశాడు. "అక్క మిమ్మల్ని అడగతా ఉంది. ఆ నిజమేదో మీరే వచ్చి చెప్పిపోండి."

ఫేబీ వచ్చింది. అక్క చేతుల కింద చేతులు పెట్టి, తలొంచుకుని అంతా చెప్పింది. అక్క పకపకా నవ్వి చేతులాడించింది. అలవాటుగా ఫేబీ పలికింది, "తెలుసులేమ్మా. ఎప్పుడూ ఆగని నీ చెయ్యి ఆ రోజు ఆగింది. పడవని వాడు రోజూ చూస్తానే ఉన్నాడు గదా, అంత వానలో దాన్నే చూస్తాడా ఎదవ!"

"మేడమ్, ఇంక మీరు గమ్మునుండండి," అన్నాడు పెంచల్. "ఇప్పుడు నేను మాట్లాడాల."

అక్క చేతులు తన చేతులమీద వేసుకున్నాడు. మణికట్టు మీద రెండు తట్లు. తర్వాత తన వైపు చూపించుకుని, గుండె దగ్గర పెట్టాల్సిన చెయ్యి కంగారులో పొట్ట దాకా జార్చాడు.

ఫేబీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏం చెప్పినారో తెలుసా? ఫేబీని చూస్తే నాకు ఆకలి అని!"

"అయ్యో, అది కాదక్కా!" అని నోటితో అరిచాడు పాపం, ఆమెకి వినపడుతుందన్నట్టు.

అక్క నవ్వుతూ అతని చెయ్యి పట్టి పైకి లాగి గుండె మీద ఆనించింది. తర్వాత నిదానంగా, తమ్ముడికి అర్థమయ్యేలా చేతులు కదిపింది.

"చూడొద్దు మేడమ్, నేను చెప్తా," అన్నాడు పెంచల్. "అక్క ఏమంటుందంటే..."

"రూలు!" అంది ఫేబీ, కళ్ళు మూసుకుని.

పెంచల్ గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లో మాటలు నాకు మా తమ్ముడు చెప్తాడు. బయట పనులకి కొత్తామె వస్తుంది. ఫేబీ ఇంక నా దగ్గరికి పనికి రావద్దు. మా ఇంటికి రావాల."

ఫేబీ కళ్ళు తెరవలేదు. రెప్పల చివర తడి మెరిసింది.

"నాకు ఇష్టమే," అంది.

పెంచల్‌కి నమ్మకం కుదర్లేదు. "ఈ 'నాకు' ఎవరిది మేడమ్? అక్కదా?"

"అక్క చేతులు చూడు."

చూశాడు. అక్క ఎప్పుడో మంచం మీద వెనక్కి జరిగి వల అల్లుకుంటోంది. రెండు చేతులూ దారాల్లోనే ఉన్నాయి.

"మీ ఇంట్లో ఏమంటారో..." అని నసిగాడు.

"మా నాయన సంగతి నేను చూసుకుంటా. ఆయనకి చేపల పులుసంటే ప్రాణం. నువ్వు ఉప్పు తగ్గించు చాలు."

అంతలో అక్క దారం వదిలి, చెయ్యి చాపి సైగ చేసింది. మావాడేం చేస్తున్నాడు?

ఫేబీ ఆమె చేతుల కింద చెయ్యి పెట్టింది. ఈసారి ఆగలేదు.

నన్నే చూస్తున్నాడక్కా, అని చెప్పింది.