పేటెంటు పోగొట్టుకున్నవాడి పెట్టె

తడిసిన గొడుగు తలుపు దగ్గర వదిలేసి, ఆరిన్ హాస్కెల్ నేరుగా ఆమె బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో వారపత్రిక నలిగి ఉంది.

"డెల్ఫీన్ క్రౌడర్ అంటే మీరేనా?"

"నేనే. మీరు?"

"ప్రేమలో పడ్డ మూర్ఖుణ్ణి. మీరే రాశారుగా!"

ఆ పత్రికలో కోర్టు తీర్పుల మీద వ్యాఖ్య రాయడం ఆమె పని. డేటన్ ఊళ్లో లాయర్లు కాఫీతోపాటు ఆమె రాతా పుచ్చుకుంటారు. ఆ వారం తీర్పు ఆరిన్ కేసుది. జాడీ మూతను ఒంటిచేత్తో తీసే పరికరం ఒకటి అతను కనిపెట్టాడు. మొదటిది నార్మాకు ఇచ్చాడు. ఆమెనే పెళ్లాడాలనుకున్నాడు. అప్పుడామె చెయ్యి విరిగి ఉంది. ఆమె దాన్ని చర్చి విందులో నలుగురికీ చూపించింది. నలుగురూ చూశాక ఏడాదిలోపు పేటెంటుకు దరఖాస్తు పెట్టాలని చట్టం. ఆరిన్ మూడేళ్లకు పెట్టాడు. అందుకే కోర్టులో పేటెంటు పోయింది. నార్మా అంతకుముందే ఇంకొకరిని చేసుకుంది.

"తీర్పు తప్పంటారా?" అంది డెల్ఫీన్.

"తీర్పు ఒప్పే. మీ రాతే తప్పు. రహస్యమని సంతకం పెట్టించుకోకుండా కానుక ఇచ్చేవాడు కోర్టు గడప తొక్కకూడదన్నారు. చెయ్యి విరిగిన మనిషిని ఎవరైనా సంతకం అడుగుతారా?"

ఆమెకు నవ్వు ఆగలేదు. "కుడి చెయ్యేనా?"

"కుడి చెయ్యే."

"ఆ సంగతి తీర్పులో లేదే!"

"తీర్పులో చాలా ఉండవు."

మరుసటి వారం వ్యాఖ్యలో ఆ చెయ్యి సంగతి వచ్చింది. ఆరిన్ కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చాడు. తర్వాత ప్రతి గురువారం ఏదో ఒక సాకుతో వచ్చాడు.

ఏప్రిల్‌లో ఒక పెట్టె తెచ్చాడు. పురికొసతో కట్టి ఉంది.

"మీకే."

ఆమె చెయ్యి చాచి, చటుక్కున వెనక్కి తీసుకుంది. "మీరు కనిపెట్టిందా?"

"అవును."

"దరఖాస్తు పెట్టారా?"

"పెడతాను."

"ఎప్పుడు?"

ఆరిన్ పైకప్పు చూశాడు.

"సంతకం కాగితమేది?"

"మీ దగ్గర అక్కర్లేదు."

"అబ్బో! ఒకసారి కాలినా బుద్ధి రాలేదన్నమాట. నేను చూడగానే ఏడాది లెక్క మొదలైందని కోర్టు అంటే? మీరు చూడబోతే నత్త! దరఖాస్తు పెట్టి రండి, అప్పుడు విప్పుతాను."

"చూడాలని లేదా?"

"చచ్చేంత ఉంది. ఇక వెళ్లండి."

తన మేలు కోరి అలా పొమ్మన్నవాళ్లు అతనికి ఇంతవరకూ లేరు. ఆరిన్ ఆ సాయంత్రమే లాయరును కలిశాడు. బొమ్మలు గీయించి, కాగితాలు సిద్ధం చేసేసరికి సెప్టెంబరు వచ్చింది. అన్నాళ్లూ పెట్టె ఆమె బీరువా మీదే ఉంది. గురువారాలు అతను దానివైపు దొంగచూపు చూసేవాడు.

రసీదు చేతికందిన రోజు మెట్లు రెండేసి ఎక్కి వచ్చాడు. ముందు పెట్టె మీది ముడి చూశాడు. తను వేసిందే. అలా వేయడం ఇంకెవరికీ రాదు.

"నిజంగా చూడలేదా?"

"చూడలేదు. ఒకసారి ఊపాను."

"ఊపితే చూసినట్టేనేమో!"

"ఏ కోర్టు చెప్పింది?" అంటూ ముడి విప్పింది.

లోపల ఇత్తడి స్ప్రింగు క్లిప్పు. తీర్పు కాగితాలను తెరిచి నొక్కి పెడుతుంది. పక్కన కాఫీ కప్పుకు చిన్న గుంట. ఇన్నేళ్లూ ఆమె కాగితాల మీద కప్పే బరువు పెట్టేది. ప్రతి తీర్పు మీదా గోధుమరంగు కాఫీ సున్నా.

ఆమె తన కప్పు తీసి ఆ గుంటలో పెట్టి చూసింది.

"ఎప్పుడు తోచింది?"

"మొదటి రోజే. మీతో పోట్లాడుతూ చూశాను."

"ఆరిన్, ఇంకో దరఖాస్తు ఉంది. ఇద్దరం సంతకం పెట్టాలి. దానికీ మూడేళ్లు చేస్తే మీ ఖర్మ."

ఆరిన్ గోడ గడియారం చూశాడు. పెళ్లి లైసెన్సులిచ్చే కోర్టు కిటికీ నాలుగున్నరకు మూస్తారు.

"ఇంకా నలభై నిమిషాలున్నాయి," అని ఆమె గొడుగు కూడా తనే అందుకున్నాడు.