ఏడురాళ్ళ బేసరి

దెయ్యాలు అర్ధరాత్రే వస్తాయని ఎవడు చెప్పినాడో గానీ, ఇది జరిగింది దీపాలు పెట్టే వేళకు ముందే. కోలారు బంగారు గనుల పక్కనుండే రాబర్ట్‌సన్‌పేట బజార్లో అప్పుడప్పుడే బోండాల నూనె కాగుతా ఉండింది. సన్నగా తుంపర. బజారు దాటి ఆండర్సన్‌పేటకు పోయే రోడ్డులో, టైర్ల అంగడి పక్కన, డాక్టర్ చంద్రిక నడిపే కుక్కల ఆసుపత్రిలో మబ్బుకు అప్పుడే లైట్లు వెలుగుతా ఉండినాయి. ముందు గదిలో బెంచీ, తూకం మిషను. వెనక గదిలో ఎక్స్‌రే. ఆ వెనక గదికి కిటికీ లేదు. నల్లగుడ్డ తెర, ఇనుప బల్ల, మందుల ఘాటు, దాని అడుగున తడిసిన వెంట్రుకల వాసన. ఆ గదిలోకి రమ్మంటే ఎంతటి కుక్కయినా నాలుగు కాళ్ళూ తన్నిపెడుతుంది. కరియ మాత్రం ఆ పొద్దు గొడవ చేయలేదు. ఎత్తి పడుకోబెడితే పడుకునింది.

దాన్ని తెచ్చినవాడు నంజుండప్ప. బజార్లో బంగారంగడి ఆయనది. ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడు. అట్లాంటివాడికి కుక్కకు ఎక్స్‌రే తీయించేంత దయ యాడినుంచి వస్తుంది? రాలేదు. కూతురు ధన్య అన్నం మానేసి మూలన కూచుంటే, ఇంగ తప్పేటట్టు లేక వచ్చినాడు. ధన్య కూడా వెంట వచ్చి కరియ తల నిమురుతా నిలబడింది.

నిజానికి కరియ నంజుండప్ప కుక్క కాదు, వాళ్ళమ్మ వసంతమ్మది. కామసముద్రం నుంచి ఒడిలో పెట్టుకొని తెచ్చుకునింది. ముసలామె బాత్రూంలో జారి కుడి మణికట్టు విరిగితే, లోపల ఉక్కుపట్టీ పెట్టి వరసగా మరలు బిగించినారు. ఆ చెయ్యి మళ్ళీ ముద్ద కలపడానికి పనికి రాలేదు. కరియ తల నిమరడానికి మాత్రం పనికొచ్చింది. పొద్దస్తమానం మంచం కిందికి ఆ చెయ్యి వేలాడేది, దాని కింద కుక్క.

మొన్న శ్రావణంలో ఆమె పోయింది. పోయేముందు ఒకటే కోరిక. "రేయ్ నంజుండా, నా బేసరి నా నోట్లో వెయ్యిరా. మా అమ్మ ఇచ్చింది. దాంతోనే పోతాను." బేసరంటే ఏడు వజ్రాలు పొదిగిన ముక్కుపుడక. చచ్చినవాళ్ళ నోట్లో ఇంత బంగారం వేసి పంపడం ఆ ఇంటి ఆచారమే. ఎవురైనా గోరంత తునక వేస్తారు. ఈమె అడిగింది ఏడురాళ్ళది.

నంజుండప్ప అందరి ఎదుటా వేసినాడు. చుట్టాలు కళ్ళు తుడుచుకొని "కొడుకంటే అట్లుండల్ల" అన్నారు. ఆ తరవాత దవడకు గుడ్డ కట్టే నెపంతో వంగినాడు. రెండు వేళ్ళు లోపల పెట్టి, బేసరి లాగి, దాని బదులు ఇత్తడి పూస తోసినాడు. కన్నతల్లి నోట్లోంచి! థూ. ఆ క్షణాన పళ్ళులేని చిగుళ్ళు తన వేళ్ళను మెత్తగా కరిచి పట్టుకున్నట్టు అనిపించింది ఆయనకు. శవం బిగుసుకుంటా ఉందిలే అనుకున్నాడు. చుట్టూ చూస్తే ఎవురూ గమనించలేదు. మంచం కిందనుంచి కరియ ఒక్కటే చూస్తా ఉండింది. ఆ దినం నుంచి అది సరిగ్గా మెతుకు ముట్టలేదు, దగ్గు కూడా పట్టుకునింది.

"చేతులు వెనక్కి జరపండప్పా" అనింది చంద్రిక, సీసం ఏప్రన్ ఆయన మెడకు తగిలిస్తా. "పట్టుకునేవాళ్ళ వేళ్ళు కూడా ఫోటోలో పడతాయి. కుక్కను కదలనీయొద్దు. ఏది కదిలితే అది చెదిరిపోయి వస్తుంది."

బటన్ నొక్కింది. కంప్యూటర్ తెరమీద కరియ లోపలంతా తెల్లగా, బూడిదగా తేలింది.

"ఇదో, గుండె. ఎంత ఉబ్బిందో చూడండి. ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరినాయి. దగ్గు అందుకే. భయపడొద్దు, మాత్రలకు లొంగే జబ్బే. నీళ్ళు లాగేస్తే ఇంకా కొన్నేండ్లు బతుకుతుంది."

"బతుకుతుందా మేడం?" ధన్య మొహం వెలిగింది. అవ్వ పోయినాక ఆ పిల్లకు మిగిలింది ఈ కుక్కే.

చంద్రిక వేలు తెరమీద కడుపు దగ్గర ఆగిపోయింది. అక్కడ చిన్న తెల్లని పువ్వు. నడుమ ఒక చుక్క, చుట్టూ ఆరు. కింద మర తిప్పిన కాడ.

"నాయనా..." ధన్య తెర దగ్గరికి వంగింది. "ఇది అవ్వ బేసరి. నువ్వు అవ్వ నోట్లో వేసినావు కదా. నేను చూసినాను కదా."

నంజుండప్ప చెయ్యి మొలతాటి దగ్గరికి పోయింది. బీరువా తాళంచెవి అక్కడే ఉంది. అంగడి బీరువాలో, ఎర్ర డబ్బీలో, తన చేత్తో పెట్టి తాళం వేసిన బేసరి. అది కుక్క కడుపులోకి ఎట్లా పోయిందని ఆలోచించినా బాగుండు. ఆయన ఆలోచించింది వేరే.

"కోసెయ్యి డాక్టరమ్మా."

"మత్తు ఇస్తే ఈ గుండె ఆగిపోతుందప్పా. ముందు నీళ్ళు తగ్గనీ. బెంగళూరులో అయితే గొట్టం వేసి కోయకుండానే తీస్తారు."

"అంతలో ఇది యాడో పెంటమీద బేసరిని వదిలేసి వస్తే? నువ్వు కొయ్యకుంటే చెప్పు. మార్కెట్లో మేకలు కోసే మనిషి ఉండాడు. మత్తూ గిత్తూ అడగడు."

అన్నంత పనీ చేసే మనిషని చంద్రికకు తెలుసు. ధన్య ఆయన కాళ్ళు పట్టుకునింది. కాలితోనే పక్కకు తోసినాడు. చంద్రిక కరియ కళ్ళలోకి చూసింది. నొప్పి తెలీకుండానైనా పోతుందిలే అనుకొని సూది ఎత్తింది. ఆ సూది ఎత్తినందుకు ఆమె ఈ పొద్దుకీ తన చేతిని తానే తిట్టుకుంటుంది.

కడుపు తెరిచింది. వెచ్చని, పచ్చి నెత్తురు వాసన గదంతా నిండింది. సంచిలా ఉండే పొట్టను కోసి లోపల వేళ్ళతో తడిమింది. ఏమీ లేదు. నీళ్ళు తప్ప ఏమీ లేదు.

"లేదప్పా."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూసింది. లేదు. తెరిచిన కడుపుమీద గుడ్డ కప్పి ఇంకో ఫోటో తీసింది. తెల్లని పువ్వు కనిపించింది. కడుపులో కాదు... గొంతులో.

బయట తుంపర నిలిచిపోయింది. బజారు చప్పుడు కూడా వినిపించలేదు. గుండె మిషను ఒక్కటే... టిక్... టిక్... అంటా ఉండింది. ఎక్కడినుంచో కర్పూరం కాలిన వాసన. శవం ముక్కులో పెట్టే దూది వాసన. చంద్రిక ముక్కు ఎగబీల్చింది. ఆమె ఆసుపత్రిలో కర్పూరం లేదు.

"మేడం" ధన్య గుసగుసగా అనింది, "గదిలో ఎవురో ఉండారు."

నంజుండప్ప వినిపించుకోలేదు. ఏప్రన్ ఊడబెరికి, కుక్క దవడలు విప్పదీసి, లోపలికి రెండు వేళ్ళు దూర్చినాడు. తల్లి నోట్లో దూర్చిన అవే వేళ్ళు.

"వద్దప్పా! ఊపిరి ఆడదు దానికి!"

"తగుల్తా ఉండాది! నా వేలికి తగుల్తా ఉండాది! ఫోటో తియ్యి, యాడ ఉందో చూపియ్యి!"

ఆమె బటన్ నొక్కింది. అదే క్షణంలో కరియ నోరు మూసుకునింది. మత్తులో ఉన్న కుక్క... పళ్ళు దించలేదు. మెత్తగా, చిగుళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకునింది. నంజుండప్పకు ఆ పట్టు తెలుసు.

టిక్... టిక్...

తరవాత లేదు.

ధన్య కరియమీద పడి ఏడ్చింది. చంద్రిక మాత్రం తెరను చూస్తా ఉండిపోయింది. కుక్క గొంతు ఖాళీ. కడుపు ఖాళీ. నోట్లో నంజుండప్ప రెండు వేళ్ళ ఎముకలు, ఒకదానికి ఉంగరం. అంతవరకు సరే. ఆ వేళ్ళ వెనక, ఆయన మణికట్టును చుట్టి పట్టుకొని... ఇంకొక చెయ్యి.

"ఇంకెవురు పట్టుకునింది?"

"ఎవురూ లేరు మేడం."

"చిన్న చెయ్యి. వంకర వేళ్ళు. మణికట్టులో ఉక్కుపట్టీ ఉండాది... వరసగా మరలు..."

ధన్య తల ఎత్తి చూసింది. "అవ్వ చెయ్యి" అనింది.

ఆ ఉక్కుపట్టీని చితి బూడిదలోంచి ఏరింది నంజుండప్పే. ఖరీదైన లోహమేమోనని గీటురాయిమీద గీసి చూసి, ఉత్త ఉక్కని తేలినాక గనుల పక్క సైనైడు మట్టి దిబ్బలోకి విసిరేసింది కూడా ఆయనే. ఏదో చెప్పబోయినాడు. దగ్గు వచ్చింది. ఇంకోసారి దగ్గినాడు. గొంతులో ఏదో సన్నగా గుచ్చుకునింది.

అంగడికి పోయి బీరువా తెరిస్తే తాళం వేసినట్టే ఉండాది, ఎర్ర డబ్బీ ఖాళీ.

గొంతులో గుచ్చుకోవడం మాత్రం పోలేదు. కోలారులో చూపించినాడు, బెంగళూరులో చూపించినాడు. ఎన్ని మిషన్ల కింద పడుకోబెట్టినా మనుషుల డాక్టర్లందరిదీ ఒకటే మాట. "ఏమీ లేదు." ఏమీ లేకుంటే ముద్ద ఎందుకు దిగదు? ఉమ్మిలో నెత్తురు ఎందుకు? బంగారంగడి యజమాని రాగి గంజి తాగి ఎముకల గూడయినాడు. చివరికి సిగ్గు చంపుకొని చంద్రిక దగ్గరికే వచ్చినాడు.

"మనుషులను ఇందులో తీయకూడదప్పా."

"కుక్కే అనుకో తల్లీ" అన్నాడు.

కరియ చచ్చిన బల్లమీదే పడుకున్నాడు. ఆ మిషన్లో కనిపించింది. గొంతులో తెల్లని పువ్వు, ఏడు చుక్కలు. దవడ కింద ఆ చెయ్యి. ఇంకోసారి వచ్చినప్పుడు ఆ వేళ్ళు పెదవుల మీద ఉండినాయి. ఇంకోసారి, పళ్ళ వెనక.

చంద్రికకు ఆయనమీద జాలి లేదు. అయినా చెప్పింది. "ఆమెకు ఇస్తానన్నది ఇచ్చేయప్పా. అంతకంటే మందు లేదు."

నంజుండప్ప దగ్గరుండి కొత్తగా ఏడురాళ్ళ బేసరి చేయించినాడు. అమ్మ బూడిద కలిపిన బేతమంగళం చెరువులో దిగి, దండం పెట్టి వదిలినాడు. అక్కడినుంచి ధన్యను వెంటబెట్టుకొని నేరుగా ఆసుపత్రికి వచ్చినాడు. మొహంలో కళ వచ్చింది. "గుచ్చుకోవడం పోయింది తల్లీ. ఒక్కసారి చూసి చెప్పు." బల్లెక్కి తనే పడుకున్నాడు.

ధన్య నల్లగుడ్డ తెర పక్కకు చంద్రికను లాగింది. చెవిలో అనింది. "రాళ్ళు వజ్రాలు కావు మేడం. గాజుముక్కలు. నాయన చావనైనా చస్తాడు గానీ..."

చంద్రిక బటన్ నొక్కింది. ముగ్గురూ తెర చూసినారు.

గొంతులో బేసరి లేదు. నంజుండప్ప గట్టిగా నవ్వబోయినాడు. నవ్వు రాలేదు. చెయ్యి ఉంది. పెదవుల దగ్గర ఉక్కుపట్టీ, దాని మరలు. అక్కడినుంచి లోపలికి... గొంతులోకి... అరచెయ్యంతా. పట్టీ, మరలు స్పష్టంగా ఉన్నాయి. వేళ్ళు మాత్రం చెదిరిపోయి ఉన్నాయి.

"కదుల్తా ఉండాయి" అనింది ధన్య. "వెతుకుతా ఉండాది."

ఆయన రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. చంద్రిక ఆయన్ని చూడలేదు. ఆమె కళ్ళు తెర కింది మూలన ఆగినాయి. బల్లమీద, ఆయన భుజం పక్కన ఉన్న ఖాళీ జాగాలో, ముడుచుకొని పడుకున్న చిన్న పక్కటెముకలు. పొడుగాటి మూతి. ఉబ్బిన గుండె. కడుపులో తెల్లని పువ్వు, భద్రంగా ఉంది.

కుక్క ఒళ్ళంతా కదలకుండా స్పష్టంగా పడింది. తోక ఒక్కటే చెదిరిపోయి ఉండింది.