మూడో వరుస చివరి కుర్చీ

ఆ అమ్మాయి మళ్ళీ లేచింది.

నేను తని మొదలుపెట్టి నిమిషం కూడా కాలేదు. మూడో వరుస, నడవ పక్కన చివరి కుర్చీ. భుజానికి గుడ్డసంచీ తగిలించుకుని, తల వంచుకుని, పక్క తలుపులోంచి చకచకా వెళ్ళిపోయింది. ఆమె వెనకాలే ఇద్దరు లేచారు. తర్వాత ఆరుగురు. తర్వాత నాకు లెక్కపెట్టే ఓపిక పోయింది.

కచేరీలో పెద్ద కీర్తన అయ్యాక పాడేవాళ్ళు ఆగిపోతారు. ఓ పది నిమిషాలు మృదంగం, ఘటం మాత్రమే మోగుతాయి. దాన్ని తని ఆవర్తనం అంటారు. ప్రగతి నగర్‌లో మాత్రం దాన్ని కాఫీ టైమ్ అంటారు.

వారమంతా మాదాపూర్‌లో ఒక ఆఫీసులో ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి టికెట్లు, అంటే ఫిర్యాదులు, పెట్టడం నా ఉద్యోగం. నేను టికెట్ పెడితే డెవలపర్ అది తప్పు కాదంటాడు. కాదు తప్పేనని నేనంటాను. సాయంత్రానికి ఇద్దరినీ మేనేజర్ తిడతాడు. నెలకొకసారి, రెండో ఆదివారం, చెరువు పక్కన కమ్యూనిటీ హాల్లో మా వాద్యబృందం కచేరీ ఉంటుంది. నాలుగు వయొలిన్లు, రెండు వీణలు, కీబోర్డు, ఘటం, నా మృదంగం. మొదట మేము వాయిస్తాం, తర్వాత బయటినుంచి వచ్చిన విద్వాంసులకి పక్కవాద్యం వాయిస్తాం. అందులో ఆ పది నిమిషాలే నావి. ప్రొద్దుటూరులో ఎనిమిదేళ్ళ వయసునుంచి నేర్చుకున్నది ఆ పది నిమిషాల కోసమే.

ఆ పది నిమిషాలూ నేను ఖాళీ కుర్చీలకి వాయిస్తున్నాను. నాలుగు నెలలుగా.

కచేరీ అయ్యేసరికి వాన పట్టుకుంది. పార్కింగ్‌లో నా రెయిన్‌కోటు విప్పి మృదంగానికి చుడుతున్నాను.

"రెయిన్‌కోటు మనుషులు వేసుకుంటారండి," అని వెనకనుంచి వినిపించింది.

"ఇది తడిస్తే వారం రోజులు మోగదు. నేను తడిస్తే తుమ్ముతాను, అంతే," అంటూ తిరిగి చూశాను. గుడ్డసంచీ. చున్నీ కొసనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మీరు మూడో వరుస కదా," అన్నాను.

"అవునండి."

"చివరి కుర్చీ."

"సీట్లు కూడా రాసుకుంటున్నారా?"

"రాసుకోవాల్సి వచ్చింది. నాలుగు కచేరీలు. నాలుగుసార్లూ నేను తని మొదలుపెట్టగానే లేచినారు. అందరికంటే ముందు. మీ పేరేంటో తెలుసుకోవచ్చా?"

"రసజ్ఞ."

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. "పేరు పెట్టినోళ్ళు ఇంకొంచెం ఆలోచించాల్సింది," అన్నాను.

అనగానే అనకుండా ఉండాల్సిందని తెలిసింది. ఆమె మొహంలో నవ్వు ఉన్నపళంగా ఆగిపోయింది.

"బయట నాకు పనుందండి."

"కాఫీయా?"

"అవునండి, కాఫీయే. చాలా ముఖ్యమైన పని. మీకు చెప్పి లేవాలని తెలీదు." ఆ వానలోనే స్కూటీ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయింది.

ఘటం బాలు పక్కకి వచ్చి నిలబడ్డాడు. "గురూ, ఆవిడెవరో తెలుసా?"

"ఎవరైతే నాకేంటి?"

"పట్టాభిరామయ్య గారి మనవరాలు."

పట్టాభిరామయ్య గారు మా బృందానికి పెద్ద. సెక్రటేరియట్‌లో రిటైరై, మదీనాగూడలో ఉంటూ, మా అందరిచేతా వయొలిన్ కమానుతోనే భయం పెట్టి సాధన చేయిస్తారు. ఆయన మాటే మాకు మాట.

తర్వాతి శనివారం సాధన ఆయన ఫ్లాట్‌లోనే. నేను మృదంగం కవరు కూడా విప్పకముందే ఆయన గొంతు సవరించుకున్నారు.

"సురేంద్రా, నీ వాయింపులో లోపం లేదయ్యా. కానీ తని రాగానే హాలు ఖాళీ అవుతోంది. వచ్చిన విద్వాంసులు నొచ్చుకుంటున్నారు. వచ్చే నెల వేణువాయన తన మృదంగం మనిషిని తనే తెచ్చుకుంటున్నాడు. పై నెల వాసంతి గారి పాట, నువ్వు వాయిస్తావు. అప్పుడు కూడా జనం లేస్తే, ఇక తని తీసేద్దాం."

విప్పబోయిన కవరుని మళ్ళీ బిగించాను.

"వద్దు తాతయ్యా, తని తియ్యకండి," అంది వంటింటి గుమ్మంలోంచి రసజ్ఞ, చేతిలో మజ్జిగ గ్లాసుల పళ్ళెంతో.

నాకు ఒళ్ళు మండింది. "అవును సార్, తియ్యొద్దు. తీసేస్తే వీళ్ళకు కాఫీకి టైమెక్కడ దొరుకుతుంది?"

ఆమె అందరికీ గ్లాసులు చేతికిచ్చింది. నాది మాత్రం బల్లమీద టక్కున పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మజ్జిగలో ఉప్పు లేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మరుసటి నెల కచేరీకి నేను ప్రేక్షకుడిలా వెళ్ళాను. వేణువు మీద నాకు ఆసక్తి లేదని కాదు. ఒకే ఒక్క పని పెట్టుకుని వెళ్ళాను. తని మొదలవగానే ఆమె వెనకాలే వెళ్ళి, అంత ముఖ్యమైన ఆ కాఫీ ఏమిటో చూడాలి. ఆఫీసులో అయితే దీన్ని సాక్ష్యంతో సహా టికెట్ పెట్టడం అంటాం.

తని మొదలైంది. ఆమె లేచింది. ఆమె వెనక, ప్రతి కచేరీకీ వచ్చే లింగమూర్తి గారు లేచారు. ఆయన వెనక ఓ ముప్పైమంది. వాళ్ళ వెనక నేను.

పక్క తలుపు దాటితే సన్నటి వరండా, దాని చివర టిఫిన్ల గది. రసజ్ఞ ఆ కౌంటరుకి అడ్డంగా నిలబడి ఉంది. కాఫీ డ్రమ్ము మూతమీద ఎడమ చెయ్యి గట్టిగా నొక్కిపెట్టింది.

"తని అయ్యేదాకా కాఫీ లేదు అంకుల్. లోపలికి వెళ్ళి కూర్చోండి."

"ఏందమ్మా గిది, ప్రతిసారి గిట్లనే చేస్తవు," అన్నారు లింగమూర్తి గారు. "జర అంత పోస్తె ఏమైతది? నా షుగర్ గోలీ టైమైంది."

"మంచినీళ్ళతో వేసుకోండి. ఆంటీ, ఆ గిన్నెలు ఇప్పుడు కడక్కండి, లోపలికి వినపడుతుంది. ఎన్నిసార్లు చెప్పాలండి మీకు?"

వంటామె పళ్ళాలు కింద పెట్టేసింది. జనం గొణుక్కుంటున్నారు. గోడ అవతలనుంచి మృదంగం వినిపిస్తోంది. అప్పుడు చూశాను, ఆమె కుడిచెయ్యి కౌంటరు అంచుమీద ఎనిమిది దెబ్బల ఆది తాళం వేస్తోంది. ముప్పైమందితో దెబ్బలాడుతూ, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా.

నాకు సిగ్గేసింది. గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఆమె నన్ను చూసింది.

"చూశారా అండి, నా కాఫీ?"

"ఈ మాట ఆరోజే ఎందుకు చెప్పలేదు?"

"అడిగారా? మీరే కాఫీ అన్నారు. మా తాతయ్య పెట్టిన పేరుకి కూడా వంక పెట్టారు. నేను చెప్పాలా?" డ్రమ్ము మూతని ఇంకా గట్టిగా నొక్కింది. "మొదటి నెల మీ తనిలో గిన్నెల చప్పుడు వచ్చింది, గుర్తుందా? అది ఆపడానికి లేచాను. రెండో నెల వీళ్ళంతా కాఫీకి వచ్చేశారు. కౌంటరు తెరిచి ఉందనేగా వస్తారు, మూసేస్తే వెళ్ళి కూర్చుంటారని అప్పట్నుంచీ ఇక్కడ కాపలా కాస్తున్నాను. మీరు తని వాయిస్తుంటే ఎలా ఉంటారో ఇంతవరకూ చూడలేదు నేను. గోడవతల నుంచే విన్నాను."

"కౌంటరు సంగతి మాకేం తెల్సమ్మా," అన్నారు లింగమూర్తి గారు మధ్యలో. "కాఫీ డ్యూటీ నీది. నువ్వు లేస్తె కాఫీ అయినట్టె గద. నువ్వు లేచినవని మేం లేచినం."

ఇద్దరం ఆయన్ని చూశాం. తర్వాత ఒకరినొకరం చూసుకున్నాం.

"అంటే నేను లేవకపోతే..." అంది రసజ్ఞ.

"ఎవరూ లేవరు," అన్నాను.

ఆమె డ్రమ్ము మీద చెయ్యి తీసేసి నుదురు కొట్టుకుంది. అయిదు నెలలుగా జనాన్ని ఆపడానికి పరిగెత్తుతూ, వాళ్ళని వెంటబెట్టుకుని వస్తోంది పాపం. నాకు నవ్వొచ్చింది. ఆమె కోపంగా చూసి, ఆపుకోలేక తనూ నవ్వేసింది. నవ్వుతూనే చేత్తో తాళం అందుకుంది. ఈ అమ్మాయి నాక్కావాలని నాకు అక్కడే, ఆ సాంబారు వాసనలోనే తెలిసిపోయింది.

"పేరు గురించి అన్నందుకు క్షమించండి," అన్నాను.

"తాతయ్యకి చెప్పుకోండి."

ఆ నెలంతా మాకు ఒకటే చర్చ. ఫోన్లో మెసేజ్ పెట్టేవాణ్ణి.

"ఆరోజు లేవకండి."

"లేవను."

"గిన్నెలు మోగితే?"

"మోగనివ్వండి."

"దగ్గొస్తే?"

"కూర్చునే దగ్గుతాను. మీరు సాధన చేసుకోండి."

ఈ కాఫీ సమస్య గురించి మాట్లాడుకోవడానికి కూకట్‌పల్లిలో రెండుసార్లు కాఫీ కూడా తాగాం. ప్రేమ గురించి మాత్రం ఒక్క ముక్క రాలేదు నా నోట. తని నిలబడ్డాక చెబుదామనుకున్నాను. నిలబడకపోతే ఏ మొహంతో చెప్పను?

వాసంతి గారి కచేరీ రోజు వచ్చింది. హాలు నిండింది. పట్టాభిరామయ్య గారు వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని, నన్నూ కుర్చీలనూ మార్చి మార్చి చూస్తున్నారు. పెద్ద కీర్తన ముగిసింది. వాసంతి గారు నావైపు తల ఊపి, తొడమీద తాళం వేయడం మొదలుపెట్టారు. నేను అందుకున్నాను.

హాల్లో సగం తలలు మూడో వరుస చివరి కుర్చీవైపు తిరిగాయి.

ఆమె లేవలేదు.

లింగమూర్తి గారు సగం లేచి, ఆమెను చూసి, అయోమయంగా మళ్ళీ కూర్చున్నారు. గోడ అవతల ఏదో పళ్ళెం పడి గలగలమంది. రసజ్ఞ ఎడమ చేత్తో కుర్చీ పట్టుకుంది, కుడిచేత్తో తాళం వేస్తూనే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతమంది ఎదురుగా కూర్చుని వింటుంటే ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను.

బాలు, నేను వంతులవారీగా వాయించుకుంటూ ముగింపుకి వస్తున్నాం. సరిగ్గా అప్పుడు వాసంతి గారికి దాహమేసింది. తనిలో జనమే ఉండరన్న అలవాటు కాబోలు, నింపాదిగా ఫ్లాస్కు మూత తిప్పారు, వేణ్ణీళ్ళు తాగారు, మూత పెట్టారు, మళ్ళీ తాళం అందుకున్నారు.

నేను తాళంలో నాలుగో దెబ్బ మీద ఉన్నాను. ఆవిడ చెయ్యి ఐదులో ఉంది.

తప్పు ఆవిడదా, నాదా? ఒక్క దెబ్బ తేడా వస్తే, తనిని ముగించే ముక్తాయింపు పాట ఎత్తుగడ మీద పడదు. నిండుహాలు ముందు, ఆఖరి అవకాశంలో, అంతా అభాసుపాలు. బాలు నావైపు భయంగా చూశాడు. ఆఫీసులో తప్పెవరిదో తేల్చడానికి మూడు మీటింగులు పెడతాం. ఇక్కడ రెండు క్షణాలు కూడా లేవు.

మూడో వరుసలోకి చూశాను. ఆమె చెయ్యి ఆగలేదు, అదీ నా లెక్కలోనే ఉంది. నాలుగు. నా కళ్ళలోకి చూస్తూ, చెయ్యి కొంచెం పైకెత్తి, స్పష్టంగా ఐదో దెబ్బ వేసింది.

వాసంతి గారిని వదిలేశాను. ఆ చేతినే పట్టుకుని ముక్తాయింపు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు వాయించి దించాను. వచ్చి సరిగ్గా పాట ఎత్తుగడ మీద పడింది. వాసంతి గారు ఉలిక్కిపడి, నవ్వి, పల్లవి అందుకున్నారు. చప్పట్లకి ఆవిడ గొంతు వినపడలేదు.

కచేరీ అయ్యాక పట్టాభిరామయ్య గారు నన్ను వరండాలో ఆపారు.

"వాసంతి గారి చెయ్యి వదిలేసి, ఎవరి చెయ్యి చూసి వాయించావయ్యా నువ్వు?"

అబద్ధం రాలేదు. "మూడో వరుస, చివరి కుర్చీ సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"దానికి తాళం నేనే నేర్పాను. తప్పదు," అన్నారు. "తని ఉంటుంది, పది నిమిషాలూ. మిగతా సంగతి దాన్నే అడుగు. ఒప్పుకుంటే మీ పెద్దవాళ్ళతో నేను మాట్లాడతాను."

టిఫిన్ల గదిలో కౌంటరు ముందు హాలు హాలంతా ఉంది. రసజ్ఞ గ్లాసులు పేరుస్తోంది. తోసుకుంటూ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఈ డ్యూటీ ఇంకెవరికైనా ఇచ్చేయండి," అన్నాను. "నేను వాయించేటప్పుడు మీరు ఎదురుగా ఉండాల. కచేరీల్లో ఒక్కటే కాదు, ఎప్పుడూ. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఇంత జనంలోనా చెప్పేది అన్నట్టు విసుగ్గా చూసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"మూడో వరుస నుంచి నా చెయ్యి సరిగ్గా కనపడుతోందా అండి?"

"మెడ సాచాల్సి వస్తోంది."

"అయితే వచ్చే నెలనుంచి మొదటి వరుసలో కూర్చుంటాను."

"అమ్మా, మీ ముచ్చట్లు అయినంకనన్న కాఫీ పోస్తవా?" అన్నారు నా వెనక లింగమూర్తి గారు.

రసజ్ఞ నావైపే చూస్తూ డ్రమ్ము మూతమీద చెయ్యి పెట్టింది.

"వెళ్ళి కూర్చోండి అంకుల్," అంది. "ఇంకా అవలేదు."